రాయబారిని బంధించిన రాజ్యం

గుంటూరు, ఒంగోలు సీమల్లో రాయబారం నాటకం ఆడించని ఊరు ఒకప్పుడు లేదు. తిరుపతి వేంకట కవుల పద్యాలు బడి మొహం చూడని రైతుకు కూడా నోటికి వచ్చేవి. ఆ కథలో జనం ఊపిరి బిగబట్టి చూసే ఘట్టం యుద్ధం కాదు. అయిదూళ్లిచ్చినా చాలని అడగడానికి వచ్చినవాణ్ణి కట్టేయమని దుర్యోధనుడు పురమాయించే ఘట్టం. అడగవచ్చిన మనిషిని కట్టేశాడంటే, అడిగినదానికి తన దగ్గర జవాబు లేదని ఆ రాజు సభలోనే ఒప్పుకున్నట్టు.

1921లో మన గడ్డ మీద సరిగ్గా అదే జరిగింది. చీరాలలో జరిగింది, పల్నాటిలో జరిగింది. పెదనందిపాడులో మాట్లాడే దారి మరో విధంగా మూసుకుపోయింది. అప్పటికి ఈ మూడూ గుంటూరు జిల్లాలోవే. చీరాల 1970లో ప్రకాశం జిల్లాలోకి, 2022లో బాపట్ల జిల్లాలోకి వెళ్లింది. సరిహద్దులు మారినా కథ ఒక్కటే. తెల్లదొరల ప్రభుత్వాన్ని మాటతో, అర్జీతో, చివరికి ఊరు విడిచిపోవడంతో నిలువరించాలని చూసిన జనం కథ. వాళ్లు ఓడిపోయారు. ముందు నిలబడి నడిపించిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య ముప్పై తొమ్మిదేళ్లకే కన్నుమూశారు. ఎందుకు ఓడారో చెప్పుకోకుండా ఏటా విగ్రహాలకు దండలు వేసి ఊరుకోవడం వాళ్లకు చేసే న్యాయం కాదు.

చీరాల, పేరాల పక్కపక్కనే ఉన్న జంట ఊళ్లు. రెండూ కలిపి అప్పటికి పదిహేను వేల జనం. సముద్రం దగ్గర, ఇసుక నేల, ఊరి పక్కనుంచే మద్రాసు-కలకత్తా రైలు దారి. నేతే ఊరికి ప్రాణం. ఇక్కడి తేలియా రుమాళ్లు అరబ్బు దేశాల దాకా, పారశీక తీరం దాకా ఓడలెక్కి పోయేవి. సరుకు అంత దూరం పోయినా నేసినవాడి ఇంటికి చేరే డబ్బు మాత్రం ఆ వారం గంజికి, ఆపై వారం నూలుకు చాలేది. అలాంటి ఊరు యూనియన్ పంచాయతీగా ఉన్నన్నాళ్లు ఏడాదికి నాలుగు వేల రూపాయల చిల్లర పన్ను కట్టుకుని బతికింది. 1919లో మద్రాసు ప్రభుత్వం రెండూళ్లను కలిపి మునిసిపాలిటీ చేసింది. దాంతో పన్ను నలభై వేల దాకా పోతుందని జనం లెక్కగట్టారు. మాకు ఈ మునిసిపాలిటీ వద్దు, మోయలేం అన్నారు. మొత్తం పోరాటం ఈ ఒక్క వాక్యం మీద నడిచింది. స్వరాజ్యమనే పెద్ద మాట తరవాత వచ్చి చేరింది.

ముందు చేసింది అర్జీలు పెట్టుకోవడమే. ఏ రాజ్యంలోనైనా సామాన్యుడికి తెలిసిన మొదటి దారి అది. దాన్ని వాళ్లు ఓపిగ్గా నడిచారు. మద్రాసులో గవర్నరు విల్లింగ్డన్ ప్రభువు. 1920 చివర కొత్త సంస్కరణల కింద మంత్రులు వచ్చారు. స్థానిక పాలన శాఖ మన తెలుగువాడే అయిన పానగల్ రాజా రామరాయణింగారి చేతికి వచ్చింది. దొర వినకపోయినా మనవాడు వింటాడన్న ఆశ జనంలో చిగురించడం సహజం. మునిసిపాలిటీ మాత్రం రద్దు కాలేదు. నిజమైన అధికారం, ఖజానా తాళాలు తెల్లవాళ్ల దగ్గర ఉంచుకుని, జనంతో తిట్లు తినే శాఖలను భారతీయులకు అప్పగించిన ఏర్పాటు అది. మంత్రి మనవాడైనంత మాత్రాన రాజ్యం మనదైపోదని చీరాల నేతగాళ్లు ఆనాడే నేర్చుకున్నారు.

అర్జీలు పనిచేయనప్పుడు రెండో మెట్టు ఎక్కారు. ప్రజల తరఫున మునిసిపాలిటీలో ఉన్న సభ్యులు రాజీనామా చేసి బయటికి వచ్చారు. సభ్యులే లేని సంఘాన్ని రద్దు చేయక తప్పదని అనుకున్నారు. ప్రభుత్వం జీతగాడైన ఛైర్మన్ని వేసి నడిపించింది. స్థానిక స్వపరిపాలన పేరుతో పుట్టిన సంస్థలో ఊరివాడు ఒక్కడూ లేకుండా పోయాడు. మూడో మెట్టు పన్ను కట్టకపోవడం. కట్టనివాళ్ల మీద కేసులు పెట్టి జైలుకు పంపారు. వాళ్లలో ఒక ముసలామె కూడా ఉంది. ఇంటి పన్ను కట్టలేదని ఒక ముదుసలిని జైలుకు పంపించిన రాజ్యంతో ఇక ఏ భాషలో మాట్లాడాలో ఊరికి పాలుపోలేదు.

అప్పుడు ఊరి గొంతుగా నిలిచినవాడు గోపాలకృష్ణయ్య. ఆయన చీరాలవాడు కాదు. 1889లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టారు. పుట్టిన మూడో రోజుకే తల్లి పోయింది, మూడేళ్లు నిండేసరికి తండ్రి పోయారు. నాయనమ్మ చేతుల్లో పెరిగారు. ఎడింబరో వెళ్లి ఎం.ఏ. చదివారు. ఆనంద కుమారస్వామితో కలిసి నందికేశ్వరుడి అభినయ దర్పణాన్ని ఇంగ్లీషులోకి తెచ్చారు. ఆ పుస్తకాన్ని 1917లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయం అచ్చు వేసింది. అంత చదువుతో తిరిగివచ్చి రాజమండ్రిలో, బందరు జాతీయ కళాశాలలో పాఠాలు చెప్పారు, ఎక్కడా ఇమడలేదు. పెద్ద ఉద్యోగం చూసుకోగలిగినవాడు చీరాల వచ్చి స్థిరపడ్డారు. అక్కడ విద్యాపీఠ గోష్ఠి పెట్టారు. రామదండు అనే స్వచ్ఛంద సేవక దళాన్ని తయారు చేశారు. కాషాయం, రుద్రాక్షలు, నుదుట సిందూరంతో ఆ దళం నిలబడితే చూడటానికి భజన మేళంలా ఉండేది. క్రమశిక్షణ మాత్రం సైన్యానిది. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ సంఘం సమావేశాలు జరిగినప్పుడు జనసముద్రాన్ని అదుపు చేసింది ఈ దండే. ఆశుకవిత్వం, పాట, చురుకైన మాట ఆయనకు పుట్టుకతో వచ్చినవి. కోపంతో ఉన్న జనాన్ని నవ్వించి నిలబెట్టగలిగిన నాయకుడు అరుదు. ఆయన అలాంటివారు.

బెజవాడ సమావేశాల తరవాత, ఏప్రిల్ 6న, గాంధీజీ చీరాల వచ్చారు. ఊరి కష్టం విన్నారు. రెండు దార్లు చెప్పారు. అహింసగా పన్ను నిరాకరించి వచ్చిన శిక్ష అనుభవించడం ఒకటి. మునిసిపాలిటీ హద్దు దాటి ఊరినే వదిలి వెళ్లిపోవడం రెండోది. ఏది ఎంచుకున్నా భారం మీదే, కాంగ్రెసు డబ్బు మీద ఆశ పెట్టుకోవద్దని కూడా తేటగా చెప్పారు. ఆ చివరి మాట తరవాతి నెలల్లో ఎంత బరువు తూగిందో ఊరికి తెలిసివచ్చింది.

ఊరు రెండో దారి పట్టింది. పదిహేను వేలలో దాదాపు పదమూడు వేల మంది ఇళ్లు వదిలారు. హద్దుకు అవతల తాటాకు పాకలు లేచాయి. దానికి రామనగరమని పేరు పెట్టుకున్నారు. ప్రభుత్వం గీసిన గీత లోపల ఉంటే కదా పన్ను, గీత అవతల ఉంటాం అన్నారు. పన్ను వేసేవాడు ఊళ్లో మిగిలాడు, పన్ను కట్టేవాడు ఊరి బయట ఉన్నాడు.

ఆ వలస ఎంత కష్టమో తెలియాలంటే నేతగాడి ఇంట్లోకి తొంగి చూడాలి. గుంట మగ్గం నెత్తిన పెట్టుకుపోయే సామాను కాదు. నేలలో కాళ్లు పెట్టుకునే గుంట తవ్వాలి, గుంజలు పాతాలి, పలకలు సరిచూసుకోవాలి. పడుగుకు గంజి పట్టించి సాగదీయడానికి వీధి పొడుగునా చోటు కావాలి, ఎండ కావాలి. ఇల్లాలు ఆసు పోయాలి, పిల్లలు కండెలు చుట్టాలి. ఇంటిల్లిపాది ఒక చోట కుదురుగా ఉంటే తప్ప బట్ట దిగదు. పాక కింద గుంట తవ్వి మగ్గం దింపినా, ఇసుక నేల గోడలు జారుతాయి. వాన పడితే గుంటలో నీళ్లూరుతాయి, తేమకు పోగు పట్టు తప్పుతుంది. ఇల్లు వదలడమంటే మనకు తల దాచుకునే చోటు పోవడం. నేతగాడికి ఇల్లు వదలడమంటే తిండి పెట్టే చోటే పోవడం. పన్ను వల్ల నష్టపోతామని బయలుదేరినవాళ్లు పన్నుకు ఎన్నో రెట్ల నష్టాన్ని తెలిసి నెత్తిన వేసుకున్నారు. పైసల లెక్కలో చూసేవాడికి అది పిచ్చితనంగా కనిపిస్తుంది. వాళ్లు కాపాడుకున్నది పైసలు కాదు. మా ఊరి మంచిచెడ్డలు మమ్మల్ని అడగకుండా నిర్ణయించడానికి నువ్వెవరు అన్న ప్రశ్నను కాపాడుకున్నారు.

రామనగరం దాదాపు పదకొండు నెలలు నిలిచింది. ఎండలు కాచాయి, తొలకరి వచ్చింది, తుపానుల కార్తె వచ్చింది, చలి వచ్చింది. తగవులొస్తే తమలో తామే తీర్చుకున్నారు, కాపలా తామే కాసుకున్నారు. పోలీసు అక్కర్లేని ఊరు కొన్ని నెలలు ఎలా ఉంటుందో చూపించారు. ప్రభుత్వం ఎదురుచూసింది. లాఠీ ఎత్తితే దేశమంతా చూస్తుంది. ఎత్తకుండా కూర్చుంటే ఆకలే ఆ పని చేస్తుంది. కాలం తనవైపు ఉన్నవాడికి మాట్లాడాల్సిన తొందర ఉండదు.

అదే సంవత్సరం ఐర్లండులో ఇదే బ్రిటిషు ప్రభుత్వం జులైలో కాల్పులు ఆపింది. డిసెంబరు 6న లండన్‌లో ఐరిష్ నాయకులతో ఒప్పందం మీద సంతకాలు చేసింది. నిన్నటిదాకా హంతకులన్నవాళ్లను ఎదురుగా కూర్చోబెట్టుకుంది. మాట్లాడకపోతే అక్కడ తనకు నష్టం, అందుకని మాట్లాడింది. చీరాలలో మాట్లాడకపోతే తనకు పోయేదేమీ లేదు. అహింసగా నిలబడ్డవాళ్లు, ఎవరి మీదా రాయి విసరనివాళ్లు, మర్యాదగా అర్జీ పెట్టుకున్నవాళ్లు జవాబుకు నోచుకోలేదు. వలస రాజ్యాల నీతిలో ఇంతకన్నా చేదు నిజం మరొకటి లేదు.

రామనగరంలో డబ్బు అడుగంటింది. విరాళాల కోసం, చీరాల గోడు చెప్పడం కోసం గోపాలకృష్ణయ్య ఊళ్లు తిరిగారు. అలా బరంపురం వెళ్లారు. అక్కడ ఉపన్యాసం ఇవ్వకూడదని 144వ సెక్షను కింద మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇచ్చాడు. గోపాలకృష్ణయ్య ఆ ఉత్తర్వును లెక్కచేయలేదు. అరెస్టు చేశారు, ఏడాది శిక్ష వేసి తిరుచిరాపల్లి జైలుకు పంపారు. ఆ జనం తరఫున ప్రభుత్వంతో మాట్లాడగలవాడు, ప్రభుత్వం మాట విని ఆ జనానికి నచ్చచెప్పగలవాడు ఆయన ఒక్కరే. సంధి కావాలనుకున్న ప్రభుత్వమైతే ఆయన్ను పిలిపించుకునేది. లోబరుచుకోవాలనుకుంది కాబట్టి బంధించింది.

పల్నాటిలో కూడా ఇదే జరిగింది. అడవిలో పశువులు మేపుకోవడానికి పుల్లరి కట్టాలన్నారు. వానలు కురవని ఏట, మేత లేని సీమలో, తాతల నాటి అడవి గట్టున గొడ్డును తోలితే సుంకం, జరిమానా, బందెలదొడ్డి. అధికారులను జనం వెలివేశారు. నిప్పు, నీళ్లు కూడా ఇవ్వలేదు. అక్కడ అసలేం జరుగుతోందో విచారించి రమ్మని కాంగ్రెసు ఉన్నవ లక్ష్మీనారాయణను, మాడభూషి వేదాంతం నరసింహాచార్యులను పంపింది. వాళ్లు కత్తులు పట్టుకుని పోలేదు, చూసి రావడానికి పోయారు. వాళ్లనూ అరెస్టు చేసి జైలుకు పంపారు. ఉన్నవ జైలు గోడల మధ్య కూర్చుని 'మాలపల్లి' రాశారు. ఆ జైలు వల్ల తెలుగు నవలకు మేలు జరిగింది, పల్నాటికి మాత్రం నష్టమే జరిగింది. మధ్యవర్తులు లేని చోట తుపాకి మాట్లాడుతుంది. 1922 ఫిబ్రవరిలో మించాలపాడు రైతు కన్నెగంటి హనుమంతు పోలీసు తూటాలకు కూలిపోయాడు.

చీరాలకు ఉత్తరాన, నల్లరేగడి నడిబొడ్డున పెదనందిపాడు ఫిర్కా. పత్తి చేలు, మిరప కల్లాలు, మాట మీద నిలబడే రైతులు. 1922 జనవరిలో అక్కడ పన్ను నిరాకరణ మొదలైంది. పర్వతనేని వీరయ్యచౌదరి నడిపించారు. శాంతిసేన ఊరూరా తిరిగింది. కరణాలు, మునసబులు రాజీనామాలిచ్చారు. జప్తు చేసిన గొడ్లను వేలం వేస్తే పాడుకునేవాడు లేడు. కలెక్టరు రూథర్‌ఫర్డ్ సైనికులను ఊళ్ల మీదుగా తిప్పించాడు. రాజీనామా వెనక్కి తీసుకోని గ్రామోద్యోగుల మిరాశీ హక్కులు వేరేవాళ్లకు పోతాయని బెదిరించాడు. తాత ముత్తాతల నుంచి వచ్చిన హక్కు పోతుందంటే ఎంతటివాడికైనా గుండె జారుతుంది. అయినా శిస్తు వసూలు కుంటుపడింది, ప్రభుత్వం కలవరపడింది.

అప్పుడు మాటల దారి మరోచోట తెరుచుకున్నట్టు కనిపించింది. జనవరి 14, 15 తేదీల్లో బొంబాయిలో మాలవీయ, జిన్నా మొదలైన పెద్దలు అన్ని పక్షాలవాళ్లనూ కూర్చోబెట్టారు. ప్రభుత్వం అణచివేత ఆపాలి, ఖైదీలను వదలాలి, అందరూ కలిసి బల్ల చుట్టూ కూర్చోవాలన్నారు. వైస్రాయి రీడింగ్ ఆ షరతులకు ఒప్పుకోలేదు. ఇటు గాంధీజీ ఆంధ్ర కాంగ్రెసు పెద్ద కొండ వెంకటప్పయ్యకు ఉత్తరం రాశారు. శాసనోల్లంఘనకు కాంగ్రెసు ఢిల్లీలో పెట్టుకున్న షరతులు తీరాయని నమ్మకం లేకపోతే పన్నులు కట్టేయమన్నారు. కింద రైతులు రొమ్ము విరుచుకుని నిలబడి ఉండగా నాయకులు ఉత్తరాల మధ్య నలిగిపోయారు. ఫిబ్రవరి మొదటి వారంలో చౌరీచౌరాలో పోలీసులను తగలబెట్టారు. 12న బార్డోలీలో కాంగ్రెసు కార్యవర్గం శాసనోల్లంఘనను ఆపేసింది. ఒక్క రక్తపు బొట్టు కూడా చిందించని పెదనందిపాడు ఎక్కడో జరిగిన హింసకు మూల్యం చెల్లించింది. మార్చి 10న గాంధీజీని అరెస్టు చేశారు. ఆరేళ్ల శిక్ష వేశారు.

నాయకుడు జైల్లో, ఖజానా ఖాళీ, దేశంలో ఉద్యమం చల్లబడింది. రామనగరం పాకల్లోంచి జనం ఒక్కొక్క కుటుంబంగా చీరాల, పేరాల ఇళ్లకు తిరిగివచ్చారు. మునిసిపాలిటీ అలాగే ఉంది. పన్ను అలాగే ఉంది. పదకొండు నెలల అప్పులు కొత్తగా వచ్చి చేరాయి. జైలు నుంచి వచ్చిన గోపాలకృష్ణయ్య ఆ తరవాత కూడా కాంగ్రెసులో, సాహిత్యంలో పనిచేశారు. 'సాధన' పత్రిక నడిపారు. ఒంట్లో మాత్రం క్షయ చేరింది, చేతిలో చిల్లిగవ్వ లేదు. 1928 జూన్ 10న పోయారు. విజయవాడలో కాంగ్రెసు భవనానికి ఆయన బిరుదైన ఆంధ్రరత్న పేరు పెట్టుకున్నారు. నేడు ఆ పేరు చదివేవాళ్లలో రామనగరం తెలిసినవాళ్లు ఎంతమంది?

ఇది పిరికితనం వల్ల వచ్చిన ఓటమి కాదు. ఇందులో మన తప్పులున్నాయి, వాటిని దాచుకోకూడదు. పదమూడు వేల మంది భారం ఒక్క మనిషి గొంతు మీద మోపాం. ఆ గొంతు మూగబోతే రెండో గొంతు సిద్ధంగా లేదు. పొరుగు జిల్లాల కలిగినవాళ్లు చీరాలను పొగిడినంత తేలిగ్గా ధాన్యం బస్తాలు పంపలేదు. పల్నాడు, పెదనందిపాడు, చీరాల ఒకే జిల్లాలో, ఒకే ఏడాదిలో కదిలినా ఒక్క మాట మీద కదల్లేదు. మూడూ కలిసి నిలబడి ఉంటే మద్రాసు ప్రభుత్వానికి కాలం అంత సులువుగా కలిసివచ్చేది కాదు. అంతకన్నా పెద్ద తప్పు మాత్రం అవతలివాడిది. మర్యాదగా అడిగినవాణ్ణి లోకువ చేశాడు, మాట్లాడవచ్చినవాణ్ణి బంధించాడు, తూటాను సమాధానంగా పంపాడు. అలాంటి రాజ్యం మరో ఇరవై అయిదేళ్లు నిలిచిందేమో గానీ, 1922 నుంచి ఈ గడ్డ మీద దానికి నమ్మకమనేది దక్కలేదు. ఉప్పు సత్యాగ్రహం నాటికి ఇదే జిల్లా మళ్లీ లేచింది.

చివరగా ఒక మాట. మన ఊళ్లో పన్ను పెంచినా, భూమి తీసుకున్నా, ఊరి హద్దులు మార్చినా, ముందుగా వచ్చేది ఒక అర్జీ, దాని వెంట నలుగురు పెద్దమనుషులు. ఇప్పుడు గద్దె మీద ఉన్నది మనమే, మన ఓట్లతో గెలిచినవాళ్లే. ఆ నలుగురినీ లోపలికి పిలిచి కూర్చోబెట్టి వినండి. కేసులు పెట్టి తిప్పించకండి. మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో రామనగరానికి ఒక్క పేజీ ఇవ్వండి. చీరాల నేతగాళ్లకు తెలుగు జాతి పడిన బాకీ అది, వందేళ్లు దాటినా తీరలేదు.